వశిష్ట నీళ్ళ రుచి

ఫిబ్రవరి 6, మంగళవారం

నరసాపురం రేవు దగ్గర, వశిష్ట గోదారిలో, నిన్న లాంచీ మునిగింది. డ్రైవర్ గణేష్‌బాబు ఇంజన్ గదిలోనే ఉండిపోయాడు. శవాన్ని తీయడానికి ఆశీర్వాదం, నేను వంతులవారీగా దిగాం. చిన్నప్పటి నుంచీ ఇద్దరం కలిసే ఈ పని చేస్తాం. ఒకడు కింద ఉంటే, ఒకడు పడవలో తాడు పట్టుకుంటాడు. పని ఒప్పుకున్న కాంట్రాక్టరు కంప్రెసర్ పెట్టించాడు. కింద ఉన్నవాడికి గొట్టంలోంచి గాలి వస్తుంది. లాంచీ ట్యాంకు పగిలి నీళ్ళ మీదంతా డీజిల్. గది తలుపు బిగుసుకుపోయింది. పైకొచ్చాక ఇద్దరికీ వాంతులు.

నా భార్య బేబి చారు పెట్టింది. అందులోనూ డీజిల్ వాసనే. ఏమీ తినకుండా లేస్తే తనకి కోపం వచ్చింది.

ఫిబ్రవరి 7

ఆశీర్వాదం దిగాడు. తాడు నా చేతిలో ఉంది. అది కదలడం మానేసింది.

పైకి లాగేసరికి వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరుంది, పలుకు లేదు. భీమవరం తీసుకొచ్చాం. ఐసీయూ.

డాక్టర్ సారిక గారు నాకూ ఎక్స్‌రే తీయించారు. నూనె నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయండి, పొగ కూడా పీల్చినట్టున్నారు, కంప్రెసర్ ఎక్కడ పెట్టారు, అని అడిగారు. పడవలోనే, ఇంజన్ పక్కన, అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ ఇంజన్ పొగే గొట్టంలోకి వచ్చింది, మీరు మళ్ళీ దిగొద్దు, అన్నారు.

ఫిబ్రవరి 8, ఆసుపత్రి వరండా

వాడు ఇంకా కళ్ళు తెరవలేదు.

మా ఇద్దరికీ ఈత నేర్పింది వాడి నాన్నే. అప్పట్లో నీళ్ళు నోట్లో పడితే ఏ నెలో చెప్పేవాళ్ళం. శ్రావణంలో ఎర్రనీరు, మట్టి రుచి. కార్తీకంలో తియ్యన. తర్వాత కొంచెం కొంచెంగా ఉప్పు ఎక్కేది. వైశాఖానికి సముద్రం రేవుదాకా వచ్చేసేది. ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందెం. మునిగి కళ్ళు తెరిస్తే పచ్చటి వెలుగు. చీపురుపుల్లలంత చేపపిల్లలు కనురెప్పల్ని పొడిచేవి.

రేవులో ఎవరి ఉంగరం జారినా మాకే కబురు. ఒక ముసలమ్మ ముక్కుపుడక తీసిస్తే బెల్లం ఆవకాయ జాడీ చేతిలో పెట్టింది. మెట్ల మీదే కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ సగం లాగించేశాం. ఒకటే దాహం. వంగి, దోసిళ్ళతో గోదారే తాగాం. ఎంత తాగినా చాలలేదు.

ఇప్పుడు నా నాలుక మీద ఏ నెలా లేదు.

ఫిబ్రవరి 9

కాంట్రాక్టరు అంతర్వేది నుంచి ఇద్దరు డైవర్లని పిలిపిస్తున్నాడని తెలిసి రేవుకి వెళ్ళాను. కంప్రెసర్ అక్కడే ఉంది, ఇంజన్ పక్కన. వెళ్ళి దాని మీద కూర్చున్నాను. ఇది ఇక్కడుంటే ఎవర్నీ దిగనివ్వనండి, అన్నాను. అప్పటికే దగ్గు. ఆలస్యమైతే గణేష్‌బాబు ఇంటివాళ్ళకి నువ్వు చెబుతావా భాస్కరం, అని కాంట్రాక్టరు నా మీదికి లేచాడు.

చెప్పాల్సి వచ్చింది. గణేష్‌బాబు భార్య శ్రీదుర్గ మెట్ల మీదే ఉంది. అన్నయ్యా, ఆయన్ని పైకి తీసుకురండి, ఇంకేం అడగను, అంది. ఎందుకు ఆపానో చెప్పాను. ఆశీర్వాదం సంగతి కూడా. మధ్యలో దగ్గు ఆగక నేను గట్టు పట్టుకుంటే, నీళ్ళ సీసా అందించింది. లాంచీ మునిగిన వైపు చూసింది. తర్వాత కాంట్రాక్టరుతో అంది: ఈ మెట్ల మీద నా పక్కన ఇంకో ఆడమనిషి కూర్చోకూడదండి. ఆ నూనె తీయించండి. ఆగుతాను.

కాంట్రాక్టరు ఫోన్ తీసుకుని పక్కకి వెళ్ళాడు.

ఫిబ్రవరి 11

ట్యాంకులో మిగిలిన డీజిల్ పంపుతో తోడేశారు. నీళ్ళ మీద తేలే నూనె తెట్టు చాలావరకు తీశారు. కంప్రెసర్‌ని, పొగ అందకుండా, గాలి వచ్చే వైపు వేరే పడవలో పెట్టారు. కాకినాడ నుంచి రబ్బరు సూట్లు, ముఖమంతా కప్పే మాస్కులు వచ్చాయి. అంతర్వేది వాళ్ళు దిగారు. తాడు నేను పట్టుకున్నాను.

గణేష్‌బాబు పైకొచ్చాడు. దిగినవాళ్ళిద్దరూ నడుచుకుంటూ ఒడ్డెక్కారు.

శ్రీదుర్గ పైటతో అతని ముఖం తుడిచింది. నూనె వదల్లేదు. సబ్బు అడిగింది. తలంటుతున్నట్టే నెమ్మదిగా రుద్దుతూ, కళ్ళల్లో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. నేను చూడలేకపోయాను.

ఫిబ్రవరి 20

ఆశీర్వాదం మాట్లాడాడు. దొరికాడా, అని అడిగాడు ముందు. దొరికాడన్నాను.

ఇద్దరికీ ఇక డైవింగ్ లేదని సారిక గారు చెప్పేశారు. ఆవిడ వెళ్ళాక వాడు, అయితే మనం ఏంట్రా ఇప్పుడు, అన్నాడు. దుప్పటి సర్దాను. 

మార్చి 3

ఇంట్లోనే. గిన్నెలు తోమాను. బేబి నవ్వింది.

మార్చి 24

ఆశీర్వాదం, నేను టికెట్ తీసుకుని రేవు దాటించే పంటు ఎక్కాం. అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో మాకు పనేమీ లేదు. మనుషులు, మోటార్ సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో. వాళ్ళతోపాటు గోదారి మీద మేం కూడా.

లాంచీ మునిగిన చోటు దాటుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అనుకుని చేసింది కాదు. ముందు నాకే దగ్గొచ్చింది.

వాడు నవ్వి, తన ఊపిరి వదిలాడు.