ప్రొపెల్లర్‌కు కట్టిన దారం

నెల్సీ అక్కా,

నేను క్షేమం, పడవ మోటారే మంచం పట్టింది. ఈ ఏడు పండగకు కార్మెన్ మాత విగ్రహం మన పడవలోనే ఊరేగాలి కదా, రాలేకపోతున్నాను. వేరే పడవ చూసుకోమని ఫాదర్‌కు చెప్పు.

గేరు నూనె మార్చబోతే నీళ్లు కలిసి తెల్లగా కారింది. "పాలకాఫీరా, గ్లాసు తెచ్చుకో!" అని మెకానిక్ ఎవేలియో నవ్వాడు. ప్రొపెల్లర్ విప్పి చూశాం. అమ్మ చర్చిలో ఫాదర్ చేత దీవెన ఇప్పించి నాకిచ్చిన ఎర్ర నైలాన్ దారం ఇరుసుకు చుట్టుకుని నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును కోసేసింది. మాత కాపాడుతుందని నేనే అక్కడ కట్టాను. కొత్త సీలు పండగ దాటాకే వస్తుందట.

నాన్న దగ్గు తగ్గిందా? అమ్మకు ఇది చదివి వినిపించేటప్పుడు దారం సంగతి దాటేయి. ముక్కలు పారేయబుద్ధి కాక జేబులో పెట్టుకున్నాను. ఇంకో దారం అడిగి పంపు. ఈసారి నా చేతికే కట్టుకుంటాను.

అమ్మ దీవెన కోరుతూ,
నీ తమ్ముడు ఎవర్