యోహాను భార్యని

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గరికి రాలేకపోయాను. నిన్న షూటింగులో హీరోయిన్‌కి డూప్‌గా దూకుతూ మన పిల్ల కరుణ కింద పడింది. వెన్నెముక దెబ్బతింది. బంజారా హిల్స్‌లోని ఆసుపత్రికి తెచ్చారు. ఈ ఉదయమే ఆపరేషన్.

మన ఫిల్మ్‌నగర్ ఇంట్లో ప్రార్థన ఎప్పుడూ మీదే. ఫైట్లు చెయ్యడానికి బయల్దేరే ముందు మీరు గట్టిగా ప్రార్థించేవారు, నేను పక్కన కళ్ళు మూసుకునేదాన్ని. మీరు పోయాక అదీ మానేశాను. ఎవరితో మాట్లాడాలో తెలిసేది కాదు.

ఇవాళ ఆపరేషన్ గది తలుపు మూసుకోగానే బయట కుర్చీలో కూర్చున్నాను. పక్కన మనవాళ్ళు ఒక్కరూ లేరు. నోరు తెరిస్తే ఒకే మాట వచ్చింది.

"ప్రభువా, నేను... యోహాను భార్యని."

పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"జర గట్టిగ మొక్కు బిడ్డా. మా ఆయన గూడ లోపలనే ఉన్నడు. మల్లయ్య ఆయన పేరు. ఆ పేరు గూడ చెప్పు."

ఇద్దరి కోసమూ అడిగాను. మాటల కన్నా ఏడుపే ఎక్కువైంది. ఆవిడ చెయ్యి వదల్లేదు.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి, కరుణ మళ్ళీ నడుస్తుందని చెప్పారు. పిల్లని గదిలోకి మార్చారు, నిద్రపోతోంది. దాని మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

మల్లయ్యగారిని ఇంకా బయటికి తీసుకురాలేదు. తలుపులోంచి చూస్తే వరండా చివర ఆవిడ ఒక్కతే కనిపిస్తోంది. వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఈసారి ముందు ఆయన పేరే చెప్తాను.