ఇప్పపూలు ఏరే రంగం

రంగూను, 1936

గొల్లపల్లిలో బుల్లమ్మక్కకు నీ తమ్ముడు రాసేది. చదివిపెట్టే పట్వారీగారికి దండాలు. మెల్లగా చదవమని మనవి.

నేను రాసిన నాటకం ఇక్కడ మూడు వారాలుగా ఆడుతున్నాం. తమ్ముడు దేశం విడిచే రంగంలో అక్క వేషం నేనే కడతాను. ఇప్పపూలు ఏరుతున్నదాన్ని గంప పడేసి ఏడుస్తాను. రేవు కూలీలంతా కళ్ళు తుడుచుకుంటారు.

నిన్న మన కోంటా వైపు ముసలమ్మ ఒకామె తెర వెనక్కి వచ్చింది. "ఏంది బిడ్డా, ఏడుపొస్తే ఏరుడు ఆపుతరా? పొద్దెక్కితే గొడ్లు మేసిపోతయి. ఏడ్సుకుంటనే ఏరుతం" అంది.

నేను బయల్దేరిన పొద్దున నువ్వు తలెత్తకుండా ఏరుతూనే ఉన్నావు. కోపమనుకుని చెప్పకుండా వచ్చేశాను. ఆరేళ్ళు ఉత్తరం కూడా రాయలేదు.

శనివారం ఆటలో నేను తలెత్తనక్కా. జనం ఏడవకపోయినా సరే.