వానలో మొరాయించిన తుపాకి

అక్క సువార్తమ్మకు, బావగారికి, నీ దగ్గరున్న అమ్మకు తమ్ముడు ప్రకాశం చేతులెత్తి నమస్కరించి రాస్తున్నాను. నా ఒంటికి ఏమీ కాలేదు. ముందు ఆ మాట అమ్మకు చదివి వినిపించు, మిగతాది తర్వాత చదువుదువుగాని. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి? బావగారికి ఇంకా నడికుడి రైలు గేటు దగ్గరే డ్యూటీనా? చిన్నవాడికి దగ్గు తగ్గిందా?

ఉత్తరం ఆలస్యమైందని కోపం పెట్టుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ఇక్కడ వాన ఆగదు. మన పల్నాడులో ఏడాదంతా పడే వాన ఇక్కడ వారంలో పడుతుందేమో. బట్టలు ఆరవు, బూట్లకు బూజు. తిండికి లోటు లేదు. రొట్టె, పప్పు, డబ్బాల్లో వచ్చే చేపలు. కారం మాత్రం పేరుకే. బాగానే ఉన్నాను, దిగులుపడకండి.

యుద్ధం కాబట్టి ఏ ఊళ్ళో ఉన్నానో రాయకూడదు. పని సంగతి రాస్తాను. నరసరావుపేట పత్తి జిన్నింగు మిల్లులో ఇంజను పని చేసినవాడినని నన్ను తుపాకులు బాగుచేసే షెడ్డులో వేశారు. ఈ మధ్య అమెరికా వాళ్ళ కొత్త రైఫిళ్ళు కొన్ని వచ్చాయి. మామూలు రైఫిలైతే పేల్చిన ప్రతిసారీ చేత్తో బోల్టు లాగాలి. దీనికి ఆ అవసరం లేదు. తూటా పేలినప్పుడు పుట్టే పొగలో కొంచెం గొట్టం చివరి బెజ్జంలోంచి దిగి, ఒక పొడుగాటి కడ్డీని వెనక్కి తంతుంది. కడ్డీ వెనక్కి వస్తూ ఖాళీ తూటాను బయటికి విసిరేస్తుంది, స్ప్రింగు బలంతో ముందుకు పోతూ కొత్తదాన్ని ఎక్కిస్తుంది. మిల్లు ఇంజనులో పిస్టను లాంటిదేనని బావగారికి చెప్పు, ఆయనకు అర్థమవుతుంది.

ఆ రైఫిళ్ళలో ఒకటి మల్లయ్య అనే సిపాయికి ఇచ్చారు. మనకు కృష్ణ అవతల, నైజాంలో వాడపల్లి దగ్గర వాళ్ళ ఊరు. ఇంత దూరంలో తెలుగు మాట వినబడేసరికి మొదటిరోజే నన్ను అన్నా అని పిలిచాడు. అతని తుపాకి ఒక్కసారి పేలి ఆగిపోయేది. ఖాళీ తూటా సగం బయటికి వచ్చి ఇరుక్కునేది. షెడ్డుకు తెచ్చేవాడు. బెజ్జంలో మసి తీశాం, స్ప్రింగు మార్చాం, వేరే తూటాలు వేసి చూశాం. షెడ్డులో ఆరబెట్టి పేలిస్తే గడియారంలా నడిచేది. అతను తీసుకొని అడవిలోకి పోగానే మళ్ళీ ఆగేది.

మా హవల్దారు పంజాబీ. మంచి పనివాడే, అన్యాయం చేసే మనిషి కాదు. కానీ ఎన్నిసార్లు చూసినా తుపాకిలో తప్పు కనబడకపోయేసరికి, మనిషిలోనే తప్పుందని మా పైఆఫీసరు దొరకు చెప్పాడు. ముందుకు, పోరు జరిగే చోటికి పోవడానికి భయపడి కావాలని చెడగొడుతున్నాడన్నాడు. మల్లయ్యను గార్డు గదిలో పెట్టారు. తోటివాళ్ళు అతన్ని చూసి నవ్వేవాళ్ళు. అక్కా, ఇక్కడ ఆ నేరం రుజువైతే జైలుతో పోదు, జీవితమంతా ఆ పేరుంటుంది.

నేను అన్నం తీసుకెళ్ళి అడిగాను. "ఒరేయ్ మల్లయ్యా, ఏందిరా ఇది? నాతో నిజం చెప్పు."

"నీతోని అబద్ధమెందుకాడుత అన్నా? వానల పట్టుకపోతే తూటా ఎక్కుతలేదు. ఎండితే మంచిగనే ఉంటది. ఎవ్వలు నమ్ముతలేరు."

వానలో, ఎండితే. ఆ రెండు మాటలూ నన్ను పట్టుకొని వదల్లేదు. మర్నాడు హవల్దారును బతిమాలి ఆ రైఫిలు తీసుకొని, షెడ్డులోకి కాకుండా నేరుగా వానలోకి పోయాను. మధ్యాహ్నం దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకొని తడుస్తూ కూర్చున్నాను. అటుగా పోయేవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. తర్వాత దిబ్బకు గురిపెట్టి పేల్చాను. ఒకటి పేలింది, రెండోది లేదు. ఖాళీ తూటా సగంలో ఇరుక్కుంది. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో లేదక్కా.

అక్కడే స్ప్రింగు తీసి, రైఫిలును వంచాను. కడ్డీ దాని బరువుకు అదే జారాలి. సగంలో ఆగింది. తుపాకి కింద కడ్డీని కప్పి ఉండే కర్ర ఊడదీస్తే లోపలి అంచున ఒకచోట నున్నగా మెరుస్తోంది. వానాకాలంలో మన వీధి తలుపు ఉబ్బి చౌకట్లో బిగిసినట్టే, ఆ కర్ర నీళ్ళు తాగి ఉబ్బి కడ్డీని ఒరుసుకుంటోంది. ఎండగానే దాని చోటికది పోతోంది. హవల్దారును పిలిచి చూపించాను. ఆయన తన వేలితో ఆ మెరుపును తడిమి, నేరుగా దొర దగ్గరికి పోయి తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ చోట కర్ర చెక్కి, ఆరబెట్టి, అవిసె నూనె పట్టించాం. మళ్ళీ తడిపి పేలిస్తే ఒక్కసారీ ఆగలేదు.

మల్లయ్యను వదిలేశారు. ఆ వారమే ముందుకు పంపేశారు.

అప్పటినుంచి నాకు నిలకడ లేదు. లారీ చప్పుడైతే బయటికి పరుగెత్తేవాణ్ణి. పనిలో ఉన్నా చెవులు రోడ్డు మీదే. చివరికి అతను ఆసుపత్రికి వచ్చాడని తెలిసి పోయాను. కుడిచేతికి పెద్ద కట్టు. బొటనవేలూ పక్కవేళ్ళూ పోయాయి. నన్ను చూడగానే, "నీ తుపాకి ఆగలే అన్నా. వాగొడ్డుకు పండుకొని కొడుతుంటే, దెబ్బలు తాకినోళ్ళందరు వాగు దాటిన్రు. ఆఖరికి బాంబు ముక్కొచ్చి తగిలింది" అన్నాడు.

"నేను ఆ కర్ర చెక్కకుండా ఉంటే నీ చెయ్యి ఉండేది గదరా" అన్నాను.

"చెయ్యైతే ఉంటుండె. పిరికోడన్న పేరుతోని మా అవ్వకు ముఖమెట్ల చూపిద్దును? ఊకో అన్నా" అని అతనే నన్ను ఓదార్చాడు. వింటానికి బాగానే ఉంది. మళ్ళీ షెడ్డుకొచ్చి రైఫిలు పట్టుకుంటే ఆ కట్టే కనబడుతోంది. బాగుచేసిన ప్రతిదీ ఎవరి చేతికి పోతుందో అని చూస్తున్నాను. పని మానలేను, మనసు పెట్టలేను.

అతన్ని ఇంటికి పంపేస్తున్నారు. గుంటూరులో మాచర్ల బండెక్కి నడికుడిలో దిగి, కృష్ణ దాటి వెళ్తాడు. మన ఇల్లు గేటు పక్కనే అని గుర్తులు చెప్పాను. "మేం కిరస్తానీలం, మా ఇంట్లో తింటావా?" అని అడిగితే, "ఈడ ఒక్క డేక్షాల వండింది తిన్నం గదన్నా" అన్నాడు. ఒక రాత్రి ఉంచుకొని పంపండి. బావగారిని పడవ దాకా తోడు పోయి రమ్మను.

పాస్టరుగారికి, పెద్దమ్మకు, వీధిలో అడిగినవాళ్ళందరికీ నా నమస్కారాలు. వీలైతే గోంగూర పచ్చడి కొంచెం, కారం ఎక్కువగా వేసి పంపించు. అమ్మను నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకొని ప్రార్థన చేయమను. నేను బాగానే ఉన్నాను.

ఒక్క మాట అక్కా. మల్లయ్యకు ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం ఇంకా రాలేదు, అడగడానికి సిగ్గుపడతాడు. నువ్వు వంటింట్లోనే కలిపి తీసుకొచ్చి పెట్టు. అతను తింటున్నంతసేపూ పిల్లల్ని చేతి వంక చూడనీయకు.

మీ ప్రేమగల తమ్ముడు,
ప్రకాశం