తడిసిన భీము

లత బాపూ,

నువ్వు పోయాక మెయిన్ స్విచ్‌ను బట్ట నేసే సాంచాల షెడ్డులోంచి మెట్ల పైకి మార్పించాను. కాగితాలు, మందులు, టార్చి ఉన్న సంచి దాని పక్కనే మేకుకు వేలాడుతోంది.

అప్పట్లో నేను ఆ సంచి సర్దితే, "ఏంది, ఊరికి పోతున్నవా?" అని నవ్వావు. వరద రాగానే, నేతకు సేటు ఇచ్చిన, నూలు చుట్టిన భీము తడుస్తుందని కరెంటు ఆపకుండానే నీళ్లలోకి దిగావు. నీ ఫొటోకు దండ వేసినప్పుడల్లా నిన్ను తిడుతూనే ఉన్నాను.

నిన్న మన కామత్‌ఘర్ బస్తీలో మళ్లీ నీళ్లొచ్చాయి. స్విచ్ ఆపి, సంచి తీసుకుని మెట్లెక్కాం.

"అమ్మా, భీము మునుగుతున్నదే" అంది లత.

"మునగనీ" అన్నాను.

ఇవాళ సేటు వచ్చి, తడిసిన నూలు చూసి మండిపడ్డాడు. "నీ మొగడుంటే గిట్ల తడవనిచ్చెటోడా?"

"తడవనిచ్చెటోడు కాదు సేటూ. గందుకే ఇయ్యాల లేడు" అన్నాను.