కొండకు ముత్తవ్వ

నకరికల్లు రాతి క్వారీ దగ్గర నుంచి,

చిరంజీవి తమ్ముడు వీరయ్యను అక్క గురవమ్మ నిండుగా దీవించి రాయించే సంగతులు. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? ఇక్కడ నేను, నా కొడుకు కోటయ్య, నా కోడలైన నీ కూతురు అంకమ్మ కులాసా. అంకమ్మకు ఆరో నెల. కులాసా అని మళ్ళీ చెబుతున్నాను, నమ్ము.

మన గురజాల నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఈ కొండకు పొరే లేదు, ఎండకు పెనంలా కాలుతుంది. జొన్నలు దొరుకుతున్నాయి, కిరసనాయిలే కరువు. మొదట్లో వీళ్ళిద్దరూ పనికి పోతే మాట్లాడే దిక్కులేక పొయ్యితో మాట్లాడాను. ఇప్పుడు పక్కింటి మస్తాను ఉన్నాడు, ఈ ఉత్తరం రాసేది అతనే. నా మాట ఒక్కటి మార్చినా ఊరుకోనన్నాను.

బండివాళ్ళు నీకు మోసింది సగం కబురు. కోటయ్య వాళ్ళు పెద్ద బండను చీలిస్తే తెల్లరాతి నడుమ గుమ్మడికాయంత నల్లముద్ద బయటపడింది. మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు. "ఇది గర్భమున్న రాయి. కడుపుతో ఉన్న మనిషి ఈడ ఉండగూడదు" అన్నాడు. ఆ పూట నుంచి ఆడవాళ్ళు అంకమ్మ పక్కన కూర్చోవడం మానేశారు. పిల్లకు ముద్ద దిగలేదు. కీడు తగిలింది, వెంటనే తీసుకుపోతానని నువ్వూ కబురంపావు.

దేవుడి విగ్రహానికి అలాంటి రాయి పనికిరాదంటే నేను కాదనను. కానీ గర్భమైతే విడిగా ఊడి రావాలి కదా. కోటయ్య అంచున ఎంత కొట్టినా ఊడలేదు. నలుపూ తెలుపూ కలిసే పగిలాయి.

అంతలో రాళ్ళు పరీక్షించే సర్కారు ఆయన వచ్చాడు. ఇదేందయ్యా అని అడిగాను. ఈ కొండంతా ఒకప్పుడు భూమి అడుగున పాకంలా కాగిందట. పైకి వస్తూ దారిలోని పాత రాతిని విరిచి మింగిందట. పాకంలో పడ్డ వేరుశనగ గింజలా ఆ ముక్కే కరగకుండా ఈ నల్లముద్దగా నిలిచిందట.

"అసలు కరగనే లేదా?" అన్నాను.

"అంచులు కరిగాయి, అవ్వా. దీని నలుపు కాస్త కొండకు పోయింది, కొండ తెలుపు దీన్లోకి వచ్చింది" అన్నాడు.

వంగి చూశాను. నిజమే తమ్ముడూ, నల్లరాతి లోపల కొండవే తెల్ల గింజలు మెరుస్తున్నాయి. మనం కదలదనుకునే కొండ ఒకనాడు ఉడికిన ముద్ద. అంత మంటలో పడి కూడా ఇది తన రంగు తాను నిలుపుకుంది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

తర్వాత మేస్త్రిని పిలిచాను. "బిడ్డ తల్లికంటే చిన్నది గదరా. ఇది కొండకంటే ముందు పుట్టింది. గర్భమెట్టా అవుద్ది? కొండకు ముత్తవ్వ ఇది" అన్నాను. అందరి ముందూ అంకమ్మ చెయ్యి పట్టి దాని మీద పెట్టాను. మేస్త్రి తల గోక్కున్నాడు. అతని పెళ్ళామే వచ్చి పిల్ల పక్కన కూర్చుంది.

అందుకని, కీడు పేరు చెప్పి వస్తే ఖాళీ బండి తోలుకుపోతావు. ఏడో నెలలో గాజులూ పూలూ తెచ్చి ముచ్చటగా రా, నేనే ఎక్కించి పంపుతాను. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి మరువకు. పెద్ద బాబాయికి నా దండాలు, పిల్లలకు దీవెనలు.

ఆ రాతి చెక్క గుమ్మం ముందు వేయించాను. అంకమ్మ దాని మీదే కూర్చొని ఇదంతా వింటోంది. గాజులు ఎర్రవి వద్దు, పచ్చవి తెమ్మని నాన్నకు రాయించమంటోంది.

నీ మేలు కోరే అక్క,
గురవమ్మ వేలిముద్ర