వెక్కిరించే హక్కు

కాసామాలో కోతుల్ని తినే బెంబా బావ కపెంబ్వాకు, ఎలుకల్ని తినే నీ అంగోనీ బావ రాసేది.

మా వాడ కళామండలి ఈ ఏటి ప్రదర్శనలు శనివారం మొదలవుతాయి. మొదటి నాటకం నిరుటిదే. అందులో మా కౌన్సిలర్ వేషం మసెకోది. నిరుడు అతను అచ్చం కౌన్సిలర్ నడక నడిస్తే జనం నవ్వలేక బెంచీల మీంచి పడ్డారు. మా బెంచీలు ఊరికే కూడా పడేస్తాయనుకో, అది వేరే కథ. వారం తిరక్కుండా మసెకో ఏట్లో శవమై దొరికాడు. కాలు జారిందన్నారు. చీలమండ కూడా తడవని ఏరది.

చావింట్లో, "పడీపడీ నవ్వారుగా తాతా, ఇప్పుడు మీ నోళ్ళకేమైంది?" అని అతని భార్య నన్నే అడిగింది.

ఆ వేషం నువ్వొచ్చి కట్టాలి బావా. బెంబావాడు అంగోనీవాణ్ణి శవం పక్కన నిలబడైనా ఎగతాళి చెయ్యొచ్చు, ఎవరూ కోపగించుకోకూడదు. మన రెండు జాతుల మధ్య బావల వరస అది. మసెకో మావాడే కాబట్టి అతనికా రక్ష లేకపోయింది. కౌన్సిలరూ అంగోనీయే, ముందు వరసలో కూర్చుంటాడట. ఆచారం గుర్తుంటే నవ్వుతాడు. గుర్తుంటుందని నేను హామీ ఇవ్వలేను.

ఈ ఉత్తరం చెల్లెమ్మకు చదివి వినిపించు. ఆమె వద్దంటే రాకు, వేషం నేనే కడతాను. నడక సాధన చేస్తున్నాను. మోకాళ్ళ నొప్పుల పుణ్యమా అని అచ్చం ఆయనలాగే వస్తోంది.